టోక్యో యూనివర్సిటీలో ఏఐ చదవాలంటే ముందు ల్యాబ్ వెతకండి
ర్యాంకుల సంగతి తర్వాత, ముందు మీకు సరిపోయే ల్యాబ్ చూసుకోండి, ఎందుకంటే మాస్టర్స్ రెండేళ్లూ మీ పరిశోధనంతా ఒక ప్రొఫెసర్ దగ్గరే సాగుతుంది. మషీన్ లెర్నింగ్ థియరీ ఇష్టమైతే మసాషి సుగియామా ల్యాబ్ పేజీ తెరవండి, 2016లో మొదలైన రికెన్ ఏఐపీ సెంటర్‌ని (జపాన్ పరిశోధన సంస్థ రికెన్‌లోని ఏఐ విభాగం) నడిపించిందీ ఆయనే. డీప్ లెర్నింగ్ అయితే యుతాకా మత్సువో ల్యాబ్.

ప్రొఫెసర్‌కి మెయిల్ చేయొచ్చో లేదో ల్యాబ్ పేజీలోనే రాసి ఉంటుందేమో చూడండి. చేయొచ్చంటే, పదిమందికీ ఒకే కాపీ పంపకుండా, వాళ్ల పేపర్ ఒకటి పూర్తిగా చదివి, "ఈ పద్ధతి తప్పుడు లేబుళ్లున్న డేటాలో ఎక్కడ తడబడుతుందో చూడాలనుకుంటున్నాను" లాంటి నాలుగు ముక్కలు సూటిగా రాయండి, నా దృష్టిలో మార్కుల కంటే ఇదే ముఖ్యం.

డబ్బు టెన్షన్ ఉంటే జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ (MEXT) స్కాలర్‌షిప్ ఉంది, జపాన్ ఎంబసీ ద్వారా గానీ యూనివర్సిటీ సిఫార్సుతో గానీ అప్లై చేయొచ్చు.