జొహోర్ బారులో సరుకులు కొనాలంటే

సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో ఉండే మనవాళ్లు మలేసియాలోని జొహోర్ బారుకి ఎలా వెళ్లాలని అడిగితే ముందు రైలెక్కమంటాను. సెలవుల్లో రెండు దేశాల్ని కలిపే కాజ్‌వే రోడ్డు మీద కారులో గంటలు పోతాయి; షటిల్ టెబ్రావ్ రైలు అయిదు నిమిషాల్లో దాటిస్తుంది. టికెట్ ముందే బుక్ చేయండి. సింగపూర్ పౌరులు కానివాళ్లు మలేసియా డిజిటల్ అరైవల్ కార్డుని అక్కడికి చేరే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి.

రైలు దిగే జేబీ సెంట్రల్ స్టేషన్ నుంచి జలన్ ఉంకు పువాన్ వీధికి నడిచే వెళ్లొచ్చు. అక్కడి చిన్న కొట్లలోనే కొనండి. 2025 జనవరిలో రెండు దేశాలూ ప్రత్యేక ఆర్థిక మండలి ఒప్పందం చేసుకున్నాయి, మంచిదే. కానీ మన జీతం డబ్బు నేరుగా చేరేది ఈ కొట్లకే.

అసలు చూసుకోవాల్సింది తిరిగొచ్చేటప్పుడు సింగపూర్‌లో కట్టే పన్ను. సింగపూర్ పౌరులకి, పీఆర్‌లకి (శాశ్వత నివాసులకి) 48 గంటల్లోపు తిరిగొస్తే 100 సింగపూర్ డాలర్ల వరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఉద్యోగ అనుమతి), డిపెండెంట్ పాస్ (వాళ్ల కుటుంబ సభ్యుల అనుమతి) మీద ఉన్నవాళ్లకి లేదు, 9 శాతం కట్టాలి. బిల్లులు దాచుకుని, వచ్చే ముందే ఆన్‌లైన్‌లో కట్టేస్తే కస్టమ్స్ దగ్గర టెన్షన్ ఉండదు.