చెరువు కోసం సంఘం పెట్టాలంటే ముందు ప్లాట్ నంబరు

ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్‌లో నాది చిన్న జిరాక్సు, ఆన్‌లైన్ షాపు. చెరువునో గెడ్డనో (వాగునో) కాపాడుకోవడానికి సంఘం పెడతామని వచ్చే కుర్రాళ్ళు ముందు అడిగేది లెటర్‌హెడ్డు, రబ్బరు స్టాంపు. నేను ముందు అడిగేది చెరువు ప్లాట్ నంబరు. అది చెప్పలేకపోతే బేరం పోయినా సరే, లెటర్‌హెడ్డు కొట్టను.

నంబరు భూలేఖ్‌లో, అంటే ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైట్లో దొరుకుతుంది. జిల్లా, తహసీలు, గ్రామం, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) సర్కిల్ నొక్కితే ఖతియాన్, అంటే భూమి హక్కుల రికార్డు, ఒడియాలో వస్తుంది. మన పెద్దాళ్ళలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఒడియా మీడియంలో చదివిన పిల్ల ఒకర్తి సంఘంలో ఉండి తీరాలి. చూడాల్సినవి రెండే గళ్ళు: ఖాతా (భూమి ఎవరి పద్దు కింద ఉంది) ఏది, కిసమ్ (ఏ రకం భూమి) ఏది. ఖాతా ‘రక్షిత’ (వేరే పనులకి ఇవ్వకుండా ఉంచినది) అనో ‘సర్బసాధారణ’ (అందరి ఉమ్మడిది) అనో, కిసమ్ ‘జలాశయ’ అనో ‘గోచర’ (పశువుల మేత భూమి) అనో ఉంటే పని సగం తేలిక. ‘ఆబాద యోగ్య అనాబాది’ అని ఉంటే టెన్షన్ పడాల్సిందే. అది సాగుకి పనికొచ్చే ప్రభుత్వ భూమి కింద లెక్క, ఎవరికైనా పట్టా రాసిచ్చేందుకు దారి తెరిచి ఉన్నట్టే. చెరువు గర్భం ఒక ప్లాటు, గట్టు ఇంకోటి, నీళ్ళు దిగే గెడ్డ మరోటి అయి ఉండొచ్చు. పక్క నంబర్లన్నీ తీయండి, భూనక్ష అనే ప్రభుత్వ పటాల సైట్లో పటం కూడా చూడండి. నెట్లో తీసిన ప్రింటు మీరు చూసుకోవడానికే. ఆఫీసులో పెట్టాలంటే తహసీలు నుంచి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవాలి.

తరువాత చెరువు చుట్టూ నడవాలి. మే నెలలో, నీళ్ళు అడుగంటినప్పుడు నడవండి, వెంట ముసలాళ్ళని పెట్టుకోండి. మా చెరువు పాత మదుము (నీళ్ళు వదిలే తూము) రాయి తూటుకాడల్లో కప్పబడిపోయి కుర్రాళ్ళెవరికీ కనపడలేదు. ఒక పెద్దమ్మ కాలితో తడిమి, “ఇదిగో బావూ, మా అత్త ఈ రాయి మీదే బట్టలు ఉతికేది” అని చూపించింది. ఆ రాయి దగ్గర్నుంచి ఇప్పటి వరిమడి గట్టు దాకా టేపు పట్టి చూస్తే గానీ, చెరువు ఏ పక్క నుంచి తగ్గుతూ వచ్చిందో మాకు తెలీలేదు. తేదీ, లొకేషను పడే కెమెరా యాప్‌తో ఫొటోలు తీయండి. ఎండల్లో ఒకసారి, వానలు నిండా పడ్డాక మళ్ళీ అదే చోట నిలబడి ఒకసారి.

ఆక్రమించినవాడు ఎప్పుడూ బయటివాడు కాడు, ఎవరికో ఒకరికి మావయ్యే అవుతాడు. ఆయన మీద కాగితం పెట్టేముందు ఇంటికెళ్ళి మాట్లాడండి. తహసీలు నుంచి కొలతకి వచ్చేవాణ్ణి అమీన్ అంటారు. “మావయ్యా, కొలత కోసం అర్జీ పెడుతున్నాం, అమీన్ వచ్చిన రోజు నువ్వూ రా, గొలుసు ఒక చివర నువ్వే పట్టుకో” అంటే సగంమంది మెత్తబడతారు. మెత్తబడని సగం సంగతి తరువాత చెప్తాను.

ఇక పల్లీసభ, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభ. ఒడిశా చట్టం ప్రకారం ఏటా ఫిబ్రవరిలో జరగాలి, మధ్యలో కూడా పెట్టుకోవచ్చు. చెరువు ప్లాట్ నంబర్లతో సహా తీర్మానం పుస్తకంలోకి ఎక్కించి, సంతకాలు, వేలిముద్రలు పడ్డాక అక్కడికక్కడే ఫొటో తీసుకోండి. మన పక్క రాయగడ, కలహండి జిల్లాల్లో నియమగిరి కొండ కింద 2013లో సుప్రీంకోర్టు చెప్పినమీదట 12 పల్లీసభలు జరిగాయి, 12కి 12 గనిని వద్దన్నాయి. అది అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన బలం. మన మైదానం ఊరి చెరువుకి అంత బలం ఉండదు. అయినా తహసీల్దారు ముందు నలుగురి నోటిమాట కంటే ఆ పుస్తకం పేజీ బరువు. చేపల పాటకి ఇచ్చే చెరువైతే, ఫలానా గుర్తు కిందికి నీళ్ళు తోడకూడదని తీర్మానంలోనే రాయించండి. మదుము రాయి మీద రంగుతో గీత గీస్తే చాలు, తగువు వచ్చినప్పుడు అందరికీ కనపడుతుంది.

ఇదంతా అయ్యాకే రిజిస్ట్రేషను. 1860 సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు. మెమోరాండం, నియమావళి రాసి జిల్లా స్థాయి సొసైటీకి ఏడీఎం (అదనపు జిల్లా మేజిస్ట్రేట్) ఆఫీసులో పెట్టాలి, మనకైతే పర్లాకిమిడిలో. ఏడుగురిలో ఆడవాళ్ళు, చెరువు కింద భూమి లేనివాళ్ళు, బట్టలుతికేవాళ్ళు ఉండేట్టు చూడండి. భూమి ఉన్నవాళ్ళే ఉంటే అది రైతుల సంఘం అవుతుంది, చెరువు సంఘం అవదు. ఏటా సర్వసభ్య సమావేశం అయిన 14 రోజుల్లోపు కార్యవర్గం జాబితా దాఖలు చేయాలి. చాలా సంఘాలు ఇక్కడే మర్చిపోతాయి.

డబ్బు సంగతి పొట్టిగా. ప్యాను, బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు, పది రూపాయలకి కూడా రసీదు. ఇండియా పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి అబ్బాయి పంపితే అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఆ అబ్బాయికి నచ్చజెప్పడం మహా కష్టం!

ఇప్పుడు మెత్తబడని మావయ్యలు. 1972 నాటి ఒడిశా భూ ఆక్రమణ నిరోధక చట్టం కింద తహసీల్దారుకి అర్జీ పెట్టి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. కదలకపోతే ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు: ఫారం ఏ, గుర్తింపు కార్డు జిరాక్సు, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు. “ఎందుకు చర్య తీసుకోలేదు” అని అడగకండి. “ఈ ప్లాటు మీద నమోదైన ఆక్రమణ కేసు కాగితాల నకలు ఇవ్వండి” అని అడగండి, 30 రోజుల్లో ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఒడిశా ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ జన సుణాణిలో కూడా ఫిర్యాదు పెట్టండి. చెరువులు, ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకం వేసుకోమని రాష్ట్రాలన్నిటికీ 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పేరు అర్జీలో ఒక వాక్యంగా రాస్తే గుమాస్తా కాగితాన్ని పక్కన పడేయడానికి ఒకసారి ఆలోచిస్తాడు.

గెడ్డలో ఇసుక తవ్వకం, చెరువులోకి మురుగు లాంటివైతే హరిత ట్రిబ్యునల్‌కి పోవచ్చు. మన ఒడిశాకి కోల్‌కతా బెంచి. పరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు. వివాదం మొదలైన ఆరు నెలల్లోపు వేయాలి, ఆలస్యానికి గట్టి కారణం చూపితే ఇంకో 60 రోజుల దాకా ఇవ్వొచ్చు. వకీలుని పెట్టుకునేది ఆ మెట్టు దగ్గరే. అంతవరకూ వచ్చినవాళ్ళు ఫైలు మొత్తం మూడు సెట్లు జిరాక్సు తీయించి, ఒకటి ఊళ్ళో వేరే ఇంట్లో పెట్టుకోండి.