రాస్ప్‌బెర్రీ పైలో పాటల భండారం

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పైని పాటల భండారంగా మార్చాలంటే, పాటలను ఎస్‌డీ కార్డులో కాక యూఎస్‌బీ డిస్కులో పెట్టండి. 320 కేబీపీఎస్ ఎంపీ3కి నిమిషానికి సుమారు 2.4 ఎంబీ పడుతుంది. నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌కి అంతకు రెండు మూడింతలు.

వాయించడానికి ఎంపీడీ (మ్యూజిక్ ప్లేయర్ డీమన్) అనే ప్రోగ్రామ్ చాలు. పాటలున్న ఫోల్డర్‌ని దానికి మ్యూజిక్ డైరెక్టరీగా చూపించి డేటాబేస్ అప్‌డేట్ చేయండి. జాబితా ఖాళీగా వస్తే ముందు అనుమతులనే అనుమానించండి: ఎంపీడీ తన సొంత యూజర్ పేరుతో నడుస్తుంది, డిస్కేమో మీ పేరున మౌంటై ఉంటుంది. ఆ యూజర్‌కి చదివే వీలివ్వండి.

ఫోల్డర్ పేర్లకన్నా ట్యాగులే (పాట ఫైల్లోనే ఉండే పేరు, గాయకుడు, ఆల్బమ్ వంటి వివరాలు) ముఖ్యం. పలువురు గాయకులున్న ఆల్బమ్‌కి ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ ఖాళీగా వదిలితే అది ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది. అన్ని పాటలకీ అక్కడ ఒకే పేరు, అక్షరం తేడా లేకుండా పెట్టండి. ట్యాగులు మార్చే పికార్డ్ అనే ప్రోగ్రామ్‌తో ఆల్బమ్ మొత్తానికి ఒకేసారి మార్చొచ్చు. దాని సూచనల్ని మాత్రం చూడకుండా సేవ్ చేయకండి.

పాత మోడళ్ల హెడ్‌ఫోన్ జాక్‌లో బుస వినిపిస్తుంది, పై 5కి అసలు జాకే లేదు. యూఎస్‌బీ డాక్ (DAC, డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం) పెట్టుకోవడమే నయం.