మెత్తటి గ్రిప్ టైర్లు కొనేముందు చూసుకోవాల్సినవి

నెలకి రెండుసార్లు, తెల్లారగట్ల బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లొచ్చే స్పోర్ట్స్ కారుకి టైరు అరిగేలోపే ముసలిదైపోతుంది. కాబట్టి త్వరగా అరుగుతాయని మెత్తటి రబ్బరుకి భయపడకండి. డబ్బు కట్టేముందు మాత్రం ఇవి చూడండి.

• అన్నిటికన్నా ముందు తయారీ తేదీ. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. చాలా టైర్లకి ఇవి ఒక వైపే ఉంటాయి, లోపలికి తిప్పి బిగిస్తే కనబడవు. నేనొకసారి అలాగే మోసపోయాను: టార్చి పట్టుకుని కారు కిందకి దూరి చూస్తే రెండు టైర్లు నాలుగేళ్ల నాటివి. బిగించకముందే నాలుగూ చూడండి.

• ట్రెడ్‌వేర్ అంకె, అంటే రబ్బరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పేది: 200 దగ్గరవి బాగా మెత్తన, 300 దాటితే కాస్త గట్టి. ఆ అంకె ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇచ్చుకునేదే, కాబట్టి రెండు బ్రాండ్ల మధ్య పోల్చకండి.

• వాన. గాళ్లు తక్కువున్న రేసు ట్రాక్ టైర్లు నిలవ నీటి మీద తేలిపోతాయి. మనకి అక్టోబరు, నవంబరుల్లోనూ తుపాన్లే. తడిసిన కైలాసగిరి మలుపుల్లో ప్రాణం ముఖ్యం. లోతైన గాళ్లున్నవే తీసుకోండి.

• సైజు, లోడ్ (మోయగల బరువు), స్పీడ్ (తట్టుకోగల వేగం) గుర్తులు కారు పుస్తకంతో సరిపోవాలి.

• వారాల తరబడి ఒకేచోట నిలబెడితే నేలకానిన చోట చదునవుతుంది. అప్పుడప్పుడు కాస్త కదపండి. టైర్లలో గాలి ఎంతుందో బండి తీయకముందే చూడాలి.

• కొత్తవి వేయించాక మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి.