వాసనతో విశ్రాంతి – మూడో పాఠం: చుక్కల లెక్క

ఈరోజు పాఠానికి నాలుగు వస్తువులు దగ్గర పెట్టుకోండి. మొదటి పాఠంలో ఎంచుకున్న లావెండర్, స్వీట్ ఆరెంజ్ వాసన నూనెలు (ఎసెన్షియల్ ఆయిల్స్), 10 మిల్లీలీటర్లు పట్టే ముదురు రంగు గాజు సీసా ఒకటి, ఘాటైన వాసన లేని మామూలు నూనె కొంచెం. పోయిన పాఠంలో కాగితం ముక్క మీద ఒక్క చుక్క వేసి, వెంటనే ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి వాసన చూసి నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను కదా. అది చేసినవాళ్లు గమనించే ఉంటారు, ఆరెంజ్ తొందరగా ఎగిరిపోతుంది, లావెండర్ ఇంకాసేపు నిలుస్తుంది, ఏదైనా సరే ఒక్క చుక్కే చాలా దూరం వస్తుంది. ఈ మూడో సంగతి మీదే ఈ పాఠమంతా.

ఇవాళ మొదటిసారి ఈ నూనెను ఒంటి మీదకు తెస్తున్నాం. కాబట్టి తొందరపడకుండా చదవండి. సరదాగా మొదలుపెట్టిన చాలామంది దెబ్బతినేది ఇక్కడే, నేను కూడా ఇక్కడే దెబ్బతిన్నాను.

కొన్నేళ్ల కిందట, లావెండర్ చాలా మెత్తనిది, నేరుగా రాసుకున్నా ఏమీ కాదు అని ఎవరో చెబితే నమ్మి, రోజూ రాత్రి రెండు చుక్కలు మణికట్టు మీద రుద్దుకునేదాన్ని. మూడు వారాల దాకా ఏమీ కాలేదు, హాయిగా నిద్ర కూడా పట్టింది. నాలుగో వారంలో దురద, ఆ తర్వాత ఎర్రటి దద్దుర్లు. మానేస్తే తగ్గింది గానీ, నెలల తర్వాత లావెండర్ ఉన్న సబ్బు వాడినా అదే చోట మళ్లీ వచ్చింది. చర్మం ఒకసారి ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటే, ఆ తర్వాత చాలా కొద్ది మోతాదుకే తిరగబడుతుంది, ఆ జ్ఞాపకం ఏళ్ల తరబడి పోకపోవచ్చు. మొదటి రోజు ఏమీ కాలేదంటే ఇక ఎప్పటికీ ఏమీ కాదనుకోవడం తప్పని నాకు అలా తెలిసింది. మీకు అలా తెలియాల్సిన అవసరం లేదు, అందుకే ఈ లెక్క ఇంత వివరంగా చెబుతున్నాను.

లావెండర్‌ను నేరుగా రాసుకోవచ్చన్న నమ్మకం వెనక ఒక పాత కథ ఉంది. రెనే మారిస్ గాటెఫొసే అని ఒక ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త, 1937లో ఆయన రాసిన పుస్తకంతోనే అరోమాథెరపీ (వాసన నూనెల చికిత్స) అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. ఆయన చెయ్యి కాలితే కంగారులో పక్కనే ఉన్న లావెండర్ తొట్టెలో ముంచేశాడని, వెంటనే మానిపోయిందని చెప్పుకుంటారు. ఆయన స్వయంగా రాసింది అలా లేదు. 1910లో ప్రయోగశాలలో పేలుడు జరిగి కాలిన గాయాలయ్యాయి, ఆ గాయాలకు గ్యాస్ గ్యాంగ్రీన్ అనే, కండను కుళ్లబెట్టే ఇన్ఫెక్షన్ పట్టింది, అప్పుడు లావెండర్ సారంతో తెలిసే కడిగాడు. పొరపాటున ముంచడం ఏమీ లేదు. ఈ కథ విని కాలిన చోట లావెండర్ పోసుకోకండి. కాలితే చల్లటి నీళ్లు, ఎక్కువ కాలితే డాక్టరు. యాంటీబయాటిక్స్ లేని కాలంలో ఒక మనిషి తన ప్రాణం కాపాడుకోవడానికి చేసిన ప్రయత్నం మనకు వంటింటి వైద్యం కాకూడదు.

ఇక లెక్కలోకి వద్దాం. ఎసెన్షియల్ ఆయిల్‌ను నూనె అంటున్నాం గానీ అది మనం తలకు రాసుకునే నూనె లాంటిది కాదు. కాగితం మీద వేస్తే చాలావరకు ఆవిరైపోతుంది, మామూలు నూనె అయితే జిడ్డు మరక అలాగే ఉండిపోతుంది. మొక్కలో కొంచెం కొంచెంగా ఉండే వాసన పదార్థాన్ని అంతా ఒక్కచోటికి లాగి సీసాలో పెట్టారన్నమాట. ఒక కిలో గులాబీ నూనె రావాలంటే టన్నుల కొద్దీ రేకులు కావాలి. అంత చిక్కనిదాన్ని చర్మానికి అందించాలంటే పలచన చేయాలి. పలచన చేసే నూనెను క్యారియర్ ఆయిల్ అంటారు. కొబ్బరి, నువ్వులు, బాదం, జొజోబా, ద్రాక్ష గింజలు, ఏదైనా పనికొస్తుంది. నాకు జొజోబా ఇష్టం, ఎందుకంటే అది నిజానికి ద్రవరూపంలో ఉండే మైనం, తొందరగా పాడవదు. నువ్వుల నూనె వాసన లావెండర్‌ను మింగేస్తుంది, అందుకని రాత్రి పూట కలుపుకునేవాటిలో నేను వాడను. గింజలతో ఎలర్జీ ఉన్నవాళ్లు బాదం జోలికి పోవద్దు. నీళ్లు మాత్రం క్యారియర్ కాదు, ఈ సంగతి మళ్లీ వస్తుంది.

ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతావన్నీ మీరే వేసుకోవచ్చు. మన 10 మిల్లీలీటర్ల సీసాలో 200 చుక్కలు పడతాయి, అందులో ఒక శాతం అంటే 2 చుక్కలు, రెండు శాతం అంటే 4. అదే 30 మిల్లీలీటర్ల సీసా అయితే 600 చుక్కలు, ఒక శాతానికి 6, రెండు శాతానికి 12. ఇది సుమారు లెక్కే, ఎందుకంటే డ్రాపర్ రంధ్రాన్ని బట్టి, నూనె చిక్కదనాన్ని బట్టి చుక్క సైజు మారుతుంది. ఆరెంజ్ లాంటి పలచటి నూనె గబగబా కారుతుంది, వెటివర్ (వట్టివేళ్ల నూనె) లాంటి చిక్కటిది ఎంతకీ కదలదు. అందుకని సీసాను నిటారుగా బోర్లించి దులపకుండా, కొంచెం వంచి పట్టుకుని చుక్క దానంతట అది పడేదాకా ఆగండి.

మరి ఎంత శాతం? ముఖానికి అర నుంచి ఒకటి. ఒంటికి రెండు. చిన్న చోట, కొద్ది రోజులకే అయితే మూడు దాకా వెళ్లేవాళ్లున్నారు, నేను రెండు దాటను, దాటాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. పెద్ద వయసువాళ్లకు, సున్నితమైన చర్మం ఉన్నవాళ్లకు ఒక శాతం చాలు. గర్భిణులు, మూర్ఛ, ఉబ్బసం ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు రాయకండి, యూకలిప్టస్, పెప్పర్‌మింట్ అయితే చిన్నపిల్లల ముఖం దగ్గరికి కూడా తేవద్దు, వాటి ఘాటుకు ఊపిరి ఇబ్బంది పడే ప్రమాదం ఉంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది. రెండు శాతం అంటే సీసాలో ఉన్న ఎసెన్షియల్ ఆయిల్స్ అన్నీ కలిపి రెండు శాతం. లావెండర్ రెండు, ఆరెంజ్ రెండు, ఇంకోటి రెండు అని పోసుకుంటూ పోతే మొత్తం ఆరు అవుతుంది. ముందు మొత్తం చుక్కలు తేల్చుకోండి, తర్వాత వాటిని పంచండి.

అన్ని నూనెలకూ రెండు శాతం సరిపోతుందా అంటే, లేదు. దాల్చిన చెక్క బెరడు నూనెకు చర్మం మీద సూచించే గరిష్ఠ మోతాదు 0.07 శాతం. లెక్క వేస్తే 30 మిల్లీలీటర్లలో అర చుక్క కూడా రాదు, అర చుక్క ఎలా కొలుస్తారు? అందుకని దాన్ని చర్మానికి వాడొద్దనే చెబుతాను. లవంగానికి అర శాతం, అంటే 30 మిల్లీలీటర్లకు 3 చుక్కలు, అంతకు మించితే మంట. బర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనె కథ వేరు, అందులో బర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది, రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు బొబ్బలెక్కి నల్ల మచ్చలు మిగులుతాయి. దాని పరిమితి 0.4 శాతం. అంతకంటే ఎక్కువ రాసుకుంటే కనీసం 12 గంటలు ఆ చోటికి ఎండ తగలకూడదు. తొక్క పిండి తీసిన నిమ్మ నూనెకూ ఈ గుణం ఉంది, ఆవిరి పట్టి తీసిన నిమ్మ నూనెకు లేదు. స్వీట్ ఆరెంజ్‌కు ఈ బెడద లేదు, మొదటి పాఠంలో సిట్రస్‌లలో దాన్నే ఎంచుకోమన్నది అందుకే.

ఇప్పుడు కలుపుదాం. ఖాళీ సీసా పూర్తిగా ఆరి ఉండాలి, తడి ఉండకూడదు. ముందు 3 చుక్కల లావెండర్, తర్వాత 1 చుక్క స్వీట్ ఆరెంజ్ వేయండి, సీసాను మెల్లగా తిప్పండి, ఆపైన మెడ దాకా క్యారియర్ నింపండి. నాలుగు చుక్కలు, రెండు శాతం. మూత పెట్టి అరచేతుల మధ్య దొర్లించి, ఒక రోజు అలా వదిలేయండి. మొదటి గంటలో ఆరెంజే ముందుకొచ్చి కనిపిస్తుంది, మర్నాటికి రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చీటీ అంటించి తేదీ, ఏది ఎన్ని చుక్కలో రాయండి. చీటీ లేని సీసా నెల తర్వాత ఎవరికీ పనికిరాదు.

రాసుకునే ముందు ప్యాచ్ టెస్ట్. మోచేతి లోపలి వైపు, కలిపిన నూనె ఒక చుక్క రాసి, బ్యాండేజీ అంటించి, 24 గంటలు తడపకుండా ఉంచండి, ఓపిక ఉంటే 48. ఎర్రబడినా, దురద పెట్టినా, మంటగా ఉన్నా తీసేయండి. తీసేటప్పుడు ముందు ఉత్త క్యారియర్ నూనెతో తుడిచి, తర్వాతే సబ్బుతో కడగాలి, ఎందుకంటే ఈ నూనె నీళ్లలో కలవదు, వట్టి నీళ్లు పోస్తే పక్కలకు పాకుతుందంతే. టెస్టులో ఏమీ రాకపోతే ఈ వారానికి పరవాలేదని అర్థం, నా సంగతి పైన చదివారు కదా. అందుకే ఒకే నూనెను నెలల తరబడి రోజూ ఒకే చోట రాయకండి, మధ్యలో విరామం ఇవ్వండి.

నీళ్లలో కలవదు అన్నాను, స్నానం సంగతీ ఇదే. తొట్టెలో నేరుగా చుక్కలు వేస్తే అవి పైన తేలి, మీరు కూర్చోగానే పలచన కాకుండానే ఒంటికి అంటుకుంటాయి. పాలలో కలిపితే చాలు, ఉప్పులో కలిపితే చాలు అంటారు, వాటితోనూ సరిగా కలవదు. ఒక పెద్ద చెంచా క్యారియర్ నూనెలో 5 చుక్కలు కలిపి వేసుకోవచ్చు, కానీ తొట్టె జారుతుంది, దిగేటప్పుడు జాగ్రత్త.

ఎసెన్షియల్ ఆయిల్ సీసాల మీద తెరిచిన తేదీ కూడా రాయండి, ఎందుకంటే లావెండర్‌లోని లినలూల్, ఆరెంజ్‌లోని లిమొనీన్ గాలి తగిలే కొద్దీ మారిపోతాయి. అలా మారినవి చర్మాన్ని తాజా నూనె కంటే బాగా ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. మూత గట్టిగా పెట్టి చల్లటి చీకటి చోట దాచండి, ఫ్రిజ్ అయినా మంచిదే. సిట్రస్ నూనెలు తెరిచిన ఏడాది తర్వాత చర్మానికి వద్దు.

మరి ఈ నాలుగు చుక్కలతో టెన్షన్ తగ్గుతుందా? నిజాయితీగా చెబుతాను. లావెండర్ ఆందోళనను కొంత తగ్గించవచ్చని అధ్యయనాలు ఉన్నాయి గానీ ఇది మందు కాదు, మీరు వాడే మందులకు బదులూ కాదు. లోపలికి తాగడం అసలే వద్దు, యూకలిప్టస్, కర్పూరం లాంటివి కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు. వాసన చేసే పని వేరే ఉంది. మిగతా ఇంద్రియాల కబుర్లు మెదడులో థాలమస్ అనే గుమ్మం దాటి లోపలికి వెళ్తాయి, వాసన మాత్రం ఆ గుమ్మంతో పని లేకుండా భావాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాలను చేరుతుంది. ఎప్పుడో వదిలేసిన ఇల్లు ఒక్క వాసనతో కళ్లముందుకొచ్చేది అందుకే. దీన్ని మనం కావాలని వాడుకోవచ్చు. రోజూ పడుకునే ముందు ఒకే సమయానికి, ఫోన్ పక్కన పెట్టి, రెండు చుక్కల మిశ్రమం మణికట్టుకు రాసుకుని, పది నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, వదలడం తీసుకోవడం కంటే పొడుగ్గా ఉండాలి. అలా కొన్ని వారాలు చేస్తే ఆ వాసనే మీ ఒంటికి ఒక సైగ అవుతుంది. కానీ ఆ వాసనను పగలు, ఆఫీసు పనిలో, గొడవలో, ప్రయాణంలో వాడకండి, అన్ని చోట్లా వాడితే సైగకు అర్థం పోతుంది. చాలామంది ఈ ఒక్క నియమం పాటించక, నాకు పని చేయలేదు అంటారు.

ఇంటి పని: సీసా కలపండి, టెస్ట్ చేయండి, ఏడు రాత్రులు రాసుకుని, ఒక్కో రాత్రికి ఒక వాక్యం రాయండి, నిద్ర ఎప్పుడు పట్టింది, చర్మం ఎలా ఉంది. ఇంకొక లెక్క. 30 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం రెండు శాతం ఉండాలి, అందులో బర్గమాట్ తన 0.4 శాతం పరిమితి దాటకూడదు, మిగతాది లావెండర్. ఏది ఎన్ని చుక్కలు? జవాబు నాలుగో పాఠం మొదట్లో చూద్దాం, ఆ పాఠం గదిలో వాసన వెదజల్లే డిఫ్యూజర్ గురించి. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు మాత్రం అది చదివేదాకా డిఫ్యూజర్ పెట్టకండి, ఈ నూనెల్లోని చాలా పదార్థాలను పిల్లి కాలేయం మనలా బయటికి పంపలేదు.