పాత మారుతి 800 జర్కులు కొడుతోందా? కార్బురేటర్ జోలికి వెళ్లేముందు స్పార్క్ చూడండి

పాత మారుతి 800 ఏ ఇబ్బంది పెట్టినా మనవాళ్ల చెయ్యి ముందు కార్బురేటర్ (పెట్రోల్‌లో గాలి కలిపే భాగం) మీదికే పోతుంది. విప్పుతారు, కడుగుతారు, జెట్లు ఊదుతారు, స్క్రూలు తిప్పుతారు. అంతకుముందు బాగానే ఉన్న సెట్టింగ్ కాస్తా పాడవుతుంది. అసలు జబ్బు అలాగే ఉంటుంది, దానికి ఇంకొకటి తోడవుతుంది. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన ఇలాంటి బండ్లలో చాలావాటికి కార్బురేటర్‌తో ఏ సంబంధమూ లేదు. తప్పు స్పార్క్‌ వైపు ఉంది. రెండు నిమిషాల్లో తేలిపోయే ఆ పరీక్షను ఎవరూ చెయ్యరు.

ఇక్కడ చెప్పేదంతా కార్బురేటర్, సి.బి. పాయింట్లు (కాయిల్ కరెంటును కలుపుతూ విడదీస్తూ ఉండే చిన్న స్విచ్చు) ఉన్న పాత 796 సి.సి. బండ్ల సంగతి. ఎంపీఎఫ్ఐ బండ్లకు (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మేవి) ఇది పనికిరాదు. కార్బురేటర్ బండ్లలోనూ ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్‌తో (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) వచ్చినవి ఉన్నాయి కాబట్టి దాని క్యాప్ తీసి లోపల పాయింట్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

స్పార్క్ చూసే పద్ధతి

బండిలో ఒక పాత ప్లగ్, రెండు వైర్లు తగిలించిన చిన్న 12 వోల్టుల బల్బు ఎప్పుడూ ఉంచుకోండి. బండి ఆగిన చోటే, ఆగిన వెంటనే చూడాలి. అరగంట ఆగి షెడ్డుకు తెచ్చి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఒక ప్లగ్ వైరు ఊడదీసి పాత ప్లగ్‌కు తగిలించండి. ప్లగ్ ఒంటిని ఇంజన్ మీద పెయింట్ లేని లోహానికి గట్టిగా ఆనేలా పెట్టి, చెయ్యి తీసేసి, పక్కవాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. పెట్రోల్ కారుతున్న వాసన వస్తే మాత్రం ఈ పని చెయ్యవద్దు. నీలంగా, టక్ టక్‌మని శబ్దం వచ్చేలా పడితే స్పార్క్ బాగున్నట్టు. పసుపుగా, సన్నగా పడితే లేనట్టే లెక్క.

స్పార్క్ లేకపోతే, బ్యాటరీ వోల్టేజీని పెంచే కాయిల్ నుంచి వచ్చే నడి వైరును క్యాప్‌లోంచి తీసి అదే ప్లగ్‌కు పెట్టి చూడండి. అక్కడ పడితే తప్పు క్యాప్, రోటర్ (క్యాప్ లోపల తిరిగే ముక్క), వైర్లలో ఉంది. అక్కడా పడకపోతే బల్బు ఒక కొసను కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న వైరు దగ్గర, రెండో కొసను ఎర్త్‌కు (ఇంజన్ ఒంటికి) పెట్టి సెల్ఫ్ కొట్టించండి. బల్బు మినుకుమినుకుమనాలి. అసలు వెలగకపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, లేదా పాయింట్లు గానీ, కండెన్సర్ (పాయింట్లు మాడకుండా కాపాడే చిన్న భాగం) గానీ ఎర్త్ అయిపోయాయి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా వాటికి వెళ్లే వైరు తెగింది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, కింద అవసరపడుతుంది.

సెల్ఫ్ కొడితే టిక్ టిక్‌మని ఆగిపోతోంది

బ్యాటరీ టెర్మినళ్లు విప్పి గీకి బిగించండి. ఇంజన్‌ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ కూడా విప్పి శుభ్రం చెయ్యండి. ఆ తర్వాతే కొత్త బ్యాటరీ మాట.

వాన పడితే స్టార్ట్ కాదు

క్యాప్ లోపల తేమ. పొడిగుడ్డతో తుడవండి. తుడిచినా మళ్లీ మళ్లీ వస్తుంటే క్యాప్ లోపలి గోడను వెలుతురులో తిప్పి చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత కనిపిస్తే కరెంటు ఆ దారి పట్టిందని అర్థం. గీకితే పోదు, క్యాప్ మార్చాల్సిందే. క్యాప్ నడిమధ్య ఉండే బొగ్గు ముక్క అరిగిపోలేదుగదా అని కూడా చూడండి.

ఒక సిలిండర్ మిస్ అవుతోంది

ఉన్నవే మూడు సిలిండర్లు. ఒకటి పోతే బండి మొత్తం ఊగుతుంది. స్లో స్పీడ్‌లో ఉంచి, మందమైన రబ్బరు పట్టుతో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటిగా లాగండి. ఏది లాగినప్పుడు తేడా రాలేదో ఆ సిలిండరే పని చెయ్యడం లేదు. అక్కడ ప్లగ్ మార్చండి, తర్వాత వైరు మార్చండి. ఎవరైనా ఈమధ్య వైర్లు తీసి పెట్టి ఉంటే వరుస చూసుకోండి: స్పార్క్ పడే వరుస (ఫైరింగ్) 1-3-2, ఒకటో సిలిండర్ టైమింగ్ బెల్టు వైపున్నది.

వేడెక్కాక ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ నడుస్తుంది

మే నెలలో ఇలా జరిగితే అందరూ ఇంజన్‌కు పెట్రోల్ అందించే పంపులో పెట్రోల్ ఆవిరైందంటారు. నిజంగానే అలా అవుతుంది, కాదనను. కానీ ఆగిన చోట స్పార్క్ చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. స్పార్క్ బాగుంటే పంపు మీద తడిగుడ్డ వెయ్యండి. లేకపోతే కండెన్సర్, ఆ తర్వాత కాయిల్. పాయింట్ల మొహాలు మాడి నల్లబడి ఉంటే ముందు కండెన్సర్‌నే అనుమానించండి. చవక సామానే కాబట్టి ఒకటి ఎక్కువ కొని బండిలో పడేసుకోండి. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేసి పాటలు వినే అలవాటుంటే మానుకోండి, కాయిల్ కాలేది అలాగే.

స్లో స్పీడ్ బాగుంది, సగం యాక్సిలరేటర్‌లో జర్కులు

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. నన్ను బాగా ఏడిపించిన జబ్బు ఇదే.

గుడివాడ దగ్గర ఒక మాస్టారి బండి. నిలబెట్టి ఉంచితే గడియారంలా నడిచేది. రోడ్డెక్కి నలభై, యాభైలో నిదానంగా వెళ్తుంటే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు జర్కులు కొట్టేది. కార్బురేటర్ రెండుసార్లు కడిగాను. ఫిల్టర్ మార్చాను. "అబ్బాయ్, మళ్లీ మొదటికొచ్చింది" అని మాస్టారు మూడోసారి వచ్చినప్పుడు పంప్ కూడా మార్చాను. పాయింట్ల గ్యాప్ 0.4, 0.5 మిల్లీమీటర్ల మధ్యే ఉంది. కండెన్సర్ కొత్తది. ఆయన డబ్బు నేను దండగ చేస్తున్నానని నాకే తెలుస్తోంది, రాత్రిళ్లు అదే టెన్షన్.

చివరికి ఆయనే ఒక మాటన్నారు. "గట్టిగా తొక్కితే మాత్రం బాగానే పోతోందయ్యా." పెట్రోల్ అందని బండి గట్టిగా తొక్కితే ఇంకా చావాలి కదా. ఇది బతుకుతోంది. అప్పుడు వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పుతో స్పార్క్ కాస్త ముందే పడేలా చేసే ఏర్పాటు) మీద అనుమానం వచ్చింది.

డిస్ట్రిబ్యూటర్ పక్కన ఒక గుండ్రటి డబ్బా, దానికి కార్బురేటర్ నుంచి సన్న రబ్బరు గొట్టం ఉంటాయి. స్లో స్పీడ్‌లో ఆ గొట్టంలో పీల్పు ఉండదు. సగం తొక్కితే పీల్పు వచ్చి, పాయింట్లు బిగించిన ప్లేటును కాస్త తిప్పుతుంది. పూర్తిగా తొక్కితే పీల్పు పోయి ప్లేటు వెనక్కి వస్తుంది. పాయింట్లకు వెళ్లే సన్న వైరు ఆ ప్లేటుతో పాటు రోజంతా వంగుతూ లేస్తూ ఉంటుంది. ఏళ్ల తరబడి అలా వంగి లోపలి రాగి పోగులు తెగిపోతాయి. పైతొడుగుకు మాత్రం ఏమీ కాదు. ప్లేటు కదలనప్పుడు తెగిన కొసలు తాకుతుంటాయి, కదిలితే విడిపోతాయి. జర్కులు అందుకే.

మాస్టారి బండిలో ఆ వైరు చూడ్డానికి కొత్తదానిలా ఉంది. రెండు కొసలూ పట్టి మెల్లగా లాగితే రబ్బరు బ్యాండులా సాగింది. రాగి ఉన్న వైరు సాగదు. మధ్యలో కోసి చూస్తే నల్లబడిన నాలుగు పోగులు, వాటి చుట్టూ బూడిదలాంటి పొడి.

మీరు ఇంత దూరం పోనక్కర్లేదు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర వాక్యూమ్ గొట్టం ఊడదీసి, గొట్టం కొసలో ఒక స్క్రూ దూర్చి మూసి, ఒక చక్కర్ కొట్టి రండి. పికప్ కాస్త తగ్గుతుంది. కానీ జర్కులు మాయమైతే దొంగ దొరికినట్టే. ఇంకా నమ్మకం కుదరాలంటే క్యాప్, రోటర్ తీసి, బ్యాటరీ వైరు విప్పి, శబ్దం చేసే మల్టీమీటరు ఒక కొస బయటి టెర్మినల్‌కు, ఇంకోటి కదిలే పాయింటుకు పెట్టండి. డబ్బాకు ఇంకో గొట్టం ముక్క తగిలించి నోటితో పీల్చండి. ప్లేటు కదిలినప్పుడు మీటరు శబ్దం ఆగిందంటే వైరు తెగినట్టు. పీల్చినా ప్లేటు కదలకపోతే డబ్బా లోపలి పొర చిరిగింది, అది వేరే ఖర్చు.

వైరు మార్చేటప్పుడు ఇంట్లో మిగిలిన కరెంటు వైరు ముక్క వెయ్యవద్దు. బిరుసుగా ఉండి కొన్ని నెలల్లోనే విరుగుతుంది. సన్నటి పోగులు చాలా ఉండి, వేడికి కరగని మెత్తటి తొడుగున్న వైరే వాడండి. కాస్త వదులుగా ఉంచండి, అలాగని నడుమ తిరిగే షాఫ్ట్‌కు తగలకూడదు. ప్లేటును రెండు వైపులా చేత్తో తిప్పి చూసి అప్పుడు క్యాప్ మూయండి. కొన్నింటిలో ప్లేటుకు చిన్న ఎర్త్ వైరు కూడా ఉంటుంది. దానిదీ ఇదే కథ, రెండూ ఒకేసారి మార్చండి. పాయింట్లు కదిలించి ఉంటే గ్యాప్ పెట్టి టైమింగ్ (స్పార్క్ పడే సమయం) మళ్లీ చూసుకోవాలి.

మిగతావి

డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ ఊగడం, టైమింగ్ బెల్టు ఒక పన్ను దాటడం, హెడ్ గ్యాస్కెట్ పోవడం ఉంటాయి, కానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి. స్పార్క్ బాగుండి కూడా బండి ఈడ్చుకుంటూ ఉంటే అప్పుడు కార్బురేటర్ విప్పండి. విప్పే ముందు పాత రబ్బరు గొట్టాలు ఒకసారి నొక్కి చూడండి. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు అవి ఉబ్బి మెత్తబడుతున్నాయి. అన్నీ అయ్యాక వాక్యూమ్ గొట్టంలో దూర్చిన స్క్రూ తీసి, గొట్టం తిరిగి పెట్టండి. అది మర్చిపోయి మైలేజీ పడిపోయిందంటూ మళ్లీ వచ్చినవాళ్లు నాకు తెలుసు.