నడపడం కష్టమైన స్పీకర్లకు యాంప్లిఫయర్ ఎంచుకునేటప్పుడు

డబ్బా మీద రాసిన వాట్లను పక్కనపెట్టి, ముందు స్పీకర్ సెన్సిటివిటీ చూడండి, అంటే 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో. 84 డెసిబెల్స్ స్పీకర్ల జత, 3 మీటర్ల దూరంలో, మామూలు గదిలో, ఒక్కోదానికి 1 వాట్ ఇస్తే దాదాపు 80 డెసిబెల్స్ వినిపిస్తుంది. మాటలకూ పాటలకూ అది చాలు. చిక్కంతా డప్పు దెబ్బ పడ్డ క్షణంలోనే: అక్కడ ఇంకో 20 డెసిబెల్స్ కావాలి, అంటే 100 రెట్లు పవర్, 1 వాట్ కాస్తా 100 వాట్లు. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా వాట్లు రెట్టింపవుతాయి కాబట్టి 80 వాట్లకీ 100 వాట్లకీ తేడా చెవికి అందదు, 1 డెసిబెల్ మాత్రమే.

ఆ సెన్సిటివిటీ 1 వాట్ దగ్గర కాక 2.83 వోల్టుల దగ్గర కొలిచిందా అన్నది గమనించండి. 4 ఓమ్స్ స్పీకర్‌కి (ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) ఆ వోల్టేజి అంటే 1 కాదు, 2 వాట్లు. పైన చెప్పిన 100 అక్కడ 200 అవుతుంది. పైగా 8 ఓమ్స్ అని రాసినవి కూడా బేస్‌లో 3-4 ఓమ్స్‌కి జారవచ్చు, అప్పుడు యాంప్ ఎక్కువ కరెంట్ ఇవ్వాలి. అందుకే 8 ఓమ్స్‌లో 100, 4 ఓమ్స్‌లో 180 వాట్ల దాకా ఇచ్చే యాంప్‌ని నమ్మొచ్చు. 4 ఓమ్స్ అంకె అసలు ఇవ్వనిదాన్ని అనుమానించాలి. రెండు చానెళ్లూ నడుస్తుండగా, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు కొలిచిన అంకే లెక్క. 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్ (ధ్వని వికృతి) దగ్గర కొలిచిన అంకె అమ్మకానికే.

పవర్ చాలని యాంప్ వాల్యూమ్‌ని గట్టిగా తిప్పితే అది క్లిప్ అయి, అంటే సిగ్నల్ శిఖరాలు తెగిపోయి, ముందు ట్వీటర్ (సన్నని స్వరాల స్పీకర్) కాలుతుంది. సబ్‌వూఫర్ ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర క్రాసోవర్ పెట్టండి, అంతకన్నా కింది బేస్ సబ్‌వూఫర్‌కే పోయి యాంప్ మీద భారం బాగా తగ్గుతుంది.